మున్సిపల్ ఈత కొలనుకు, షటిల్ కోర్టులకు రుసుము ఎంత పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ పురపాలక సంఘం గ్రాంటు నిధులతో ఇరవై అయిదు మీటర్ల ఈత కొలను, రెండు ఇండోర్ షటిల్ కోర్టులు, పక్కనే నడక దారితో కూడిన పార్కు కట్టింది. వేసవి శిక్షణ శిబిరం కూడా అక్కడే నడపాలని ఉంది. కౌన్సిల్‌లో కొందరు అన్నీ ఉచితంగా ఇవ్వాలంటున్నారు, కొందరు నిర్వహణ ఖర్చు మొత్తం రుసుముల రూపంలోనే రావాలంటున్నారు, మిగిలినవారు ఈ తలనొప్పంతా ఎందుకు, లీజుకిచ్చేద్దామంటున్నారు. కమిషనర్ గారు రుసుముల పట్టిక తయారు చేసే పని మీకు అప్పగించారు. పురపాలక ఆర్థిక విభాగంలో చాలాకాలం ఇటువంటి పట్టికలు తయారు చేసినవాడిగా నా అభిప్రాయం ముందే చెబుతాను: రూపాయల అంకె చివర తేల్చవలసినది. ఏ వేళ ఎవరికి కేటాయించాలన్నది ముందు తేలితే అంకె దాదాపు తనంతట తానే వస్తుంది. అది తేల్చకుండా అంకె పెట్టినవారు, అది ఎక్కువైనా తక్కువైనా, చివరకు తమకు తెలియకుండానే పట్టణంలో కాస్త కలిగినవారికే సబ్సిడీ ఇస్తుంటారు.

చట్టం సంగతి క్లుప్తంగా చూద్దాం. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండవ షెడ్యూలులో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పురపాలక సంఘాల విధుల జాబితాలో 12వ అంశంగా ఉన్నాయి. కాబట్టి ఇది మనం దయతలచి చేసే పని కాదు. చట్టం అనుమతి లేకుండా పన్ను వేయకూడదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది; రుసుము పన్నుగా మారకూడదన్న చర్చ అక్కడి నుంచే మొదలవుతుంది. పన్నుకూ రుసుముకూ తేడా ఏమిటో 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు వివరించింది: రుసుము చెల్లించినవారికి అందుకు బదులుగా ఒక సేవ అందాలి. తరువాత 1983లో మన ఆంధ్రప్రదేశ్ మార్కెట్ కమిటీల రుసుముపై వచ్చిన శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, వసూలుకూ సేవకూ మధ్య సంబంధం పైసాతో సహా లెక్క కుదరనక్కరలేదని అదే న్యాయస్థానం చెప్పింది. మీకు దీనివల్ల ఒరిగేది ఒక్కటే: ఖర్చుల లెక్క ఫైలులో ఉండాలి, కౌన్సిల్ తీర్మానం ఉండాలి. ఆ రెండూ ఉంటే ఆడిట్ అభ్యంతరానికి సమాధానం మీ చేతిలో ఉన్నట్టే.

ఉత్తర అమెరికాలో కొన్ని నగరాల పార్కుల శాఖలు ఒక పిరమిడ్ పద్ధతిని పాటిస్తాయి. అడుగున ఊరందరికీ మేలు చేసేవి ఉంటాయి. వాటి ఖర్చు పన్నుల నుంచే వస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ లాభం ఒక్కో మనిషికే పరిమితమవుతుంది, దానితోపాటు ఖర్చులో రాబట్టవలసిన వాటా పెరుగుతుంది. ఒకరికే నేర్పే ఈత పాఠం, పుట్టినరోజు పండుగకు హాలు అద్దె వంటివి శిఖరాన ఉంటాయి. వాటిపై ఖర్చు కంటే ఎక్కువే తీసుకుంటారు. ఈ ఆలోచన మన పట్టణాలకూ పనికొస్తుంది, అయితే ఒక హెచ్చరికతో: అక్కడ ఈత నేర్పడాన్ని చాలాచోట్ల ప్రాణరక్షణగా భావించి అడుగు వైపునే ఉంచుతారు. చెరువులు, కాలువలు, గోదావరి, కృష్ణా ఉన్న మన జిల్లాల్లో దాన్ని ఇంకా కిందికి దించాలి. మీ పట్టికలో "ఈత" అన్న ఒకే వరుస ఉంటే దాన్ని రెండుగా చీల్చండి. పిల్లలకు ఈత నేర్పడం ఒకటి, వచ్చినవారు వ్యాయామానికి ఈదడం మరొకటి. ఈ రెండింటికీ ఒకే ధర ఉండడానికి కారణం లేదు.

పార్కుకు, నడక దారికి రుసుము పెట్టవద్దు. సూత్రం కోసం కాదు, లెక్క కోసమే చెబుతున్నాను. గేటు దగ్గర రెండు షిఫ్టులకు ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కొక్కరికి నెలకు 16,000 రూపాయలు అనుకుంటే 32,000. అయిదు రూపాయల టిక్కెట్టు పెడితే కేవలం ఆ ఇద్దరి జీతానికే నెలకు 6,400 టిక్కెట్లు తెగాలి. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకు రోజువారీ టిక్కెట్టు, నడకకు వచ్చేవారికి పాసులు ఉన్నాయి కదా అని ఎవరైనా అడగవచ్చు; అది అటవీ శాఖ చేతిలోని జాతీయ ఉద్యానవనం, ఎంతమంది లోపలికి వెళ్తున్నారన్నది దానికి ముఖ్యం. మీ పార్కుకు జనం ఎక్కువైపోయే బాధ లేదు, ఖాళీగా ఉంటేనే బాధ.

ఇక ఈత కొలను. అసలు డబ్బు ఇక్కడే పోతుంది, అసలు వాదన కూడా ఇక్కడే వస్తుంది, అందువల్ల కాస్త వివరంగా రాస్తాను. 25 మీటర్ల పొడవు, 12.5 మీటర్ల వెడల్పు, సగటున ఒకటిన్నర మీటర్ల లోతు ఉన్న కొలనులో సుమారు 4.7 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. ఆ నీరంతా ఆరు గంటలకొకసారి ఫిల్టరు గుండా తిరగాలి. క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాముల మధ్య, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య నిలవాలి. కొలనులో నలుగురు ఉన్నా నలభై మంది ఉన్నా పంపు తిరగాల్సిందే, లైఫ్‌గార్డ్ గట్టున నిలబడాల్సిందే. అంటే ఖర్చులో అత్యధిక భాగం మనుషుల సంఖ్యతో సంబంధం లేనిది. ఈ ఒక్క విషయం కౌన్సిల్ సభ్యులకు అర్థమైతే సగం వాదన తగ్గుతుంది.

నమూనాగా కొన్ని అంకెలు వేస్తాను. మీ బిల్లులు చూసి మార్చుకోండి. పది హెచ్‌పీ పంపు రోజుకు పన్నెండు గంటలు నడిస్తే దాదాపు 90 యూనిట్లు, నెలకు 2,700 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయల చొప్పున 24,000. (మీటరు ఏ కేటగిరీలో ఇచ్చారో తప్పక చూడండి. వాణిజ్య కేటగిరీలో పడి ఉంటే, మార్చమని ఇప్పుడే విద్యుత్ పంపిణీ సంస్థకు లేఖ రాయండి. మార్చినా మార్చకపోయినా ఆ లేఖ ఫైలులో ఉండడం మంచిది.) క్లోరిన్, పటిక, ఇతర రసాయనాలకు 15,000. లైఫ్‌గార్డులు, మహిళా శిక్షకురాలు, పంపు ఆపరేటరు, శుభ్రతకు ఇద్దరు, కౌంటరులో ఒకరు కలిపి ఏడుగురు అవుట్‌సోర్సింగ్ సిబ్బందికి 1,12,000. నీరు, చిన్న మరమ్మతులకు 9,000. ఇంతవరకు 1,60,000. దీనికి మరో 20,000 మరమ్మతు నిధిగా కలపండి. ఫిల్టరు ఇసుక, పంపు, టైల్సు ఎప్పటికైనా మార్చవలసి వస్తాయి, ఆ రోజు మళ్ళీ గ్రాంటు వస్తుందన్న నమ్మకం లేదు. మొత్తం నెలకు 1,80,000. కట్టడానికైన ఖర్చును రుసుములో కలపకండి, అది ప్రజల పన్నుల నుంచి ఇప్పటికే చెల్లించేశారు.

ఇప్పుడు మనిషికి ఎంత పడుతుంది? నలభై అయిదు నిమిషాల బ్యాచ్‌లు రోజుకు తొమ్మిది, బ్యాచ్‌కు నలభై మంది, సోమవారం సెలవు పోగా నెలకు ఇరవై ఆరు రోజులు అనుకుంటే 9,360 చోట్లు ఉంటాయి. అన్నీ నిండితే ఒక్కో ఈతకు 19 రూపాయలు. కానీ ఏప్రిల్, మే నెలల్లో నిలబడడానికి చోటు లేని కొలను డిసెంబరులో వెలవెలబోతుంది. ఏడాది సగటున నూటికి నలభై వంతులే నిండితే అదే ఈతకు 48 రూపాయలు పడుతుంది. ఖర్చు రూపాయి పెరగలేదు, సేవ మారలేదు, అయినా "మనిషికి అయ్యే ఖర్చు" రెండున్నర రెట్లయింది. కాబట్టి "ఖర్చు 48, రుసుము 20, మిగతాది నష్టం" అని ఎవరైనా నోట్ పెడితే, అది ఏ నెల లెక్కో, ఎన్ని చోట్లు నిండితే వచ్చిన లెక్కో అడగండి. ధరను పది రూపాయలు అటూ ఇటూ జరిపి సాధించేదాని కంటే ఖాళీ చోట్లు నింపి సాధించేది ఎక్కువ.

ఖాళీ చోటులో ఒక మనిషి అదనంగా దిగితే పురపాలక సంఘానికి అయ్యే ఖర్చు కాస్త క్లోరిన్ తప్ప దాదాపు ఏమీ ఉండదు. అదే సమయంలో ఉదయం ఆరింటి బ్యాచ్‌లో ఒక చోటు ఎవరికైనా తక్కువకు ఇస్తే, దానికి పూర్తి ధర ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మరొకరు బయట నిలబడతారు. కాబట్టి రాయితీని మనుషుల మధ్య పంచేముందు వేళల మధ్య పంచాలి. ఉదయం ఆరు నుంచి ఎనిమిదింబావు దాకా మూడు, సాయంత్రం నాలుగు నుంచి ఆరుంబావు దాకా మూడు, కలిపి ఆరు బ్యాచ్‌లకు నెల పాసు 1,000 రూపాయలు పెట్టండి. తొమ్మిది నుంచి పదకొండుంబావు వరకు ఉన్న మూడు బ్యాచ్‌లను పురపాలక, ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఈత నేర్పడానికి ఉచితంగా కేటాయించండి. బడులు నడిచే రోజుల్లో ఆటల పీరియడులో వంతులవారీగా వస్తారు, వేసవిలో అది శిబిరంలో భాగమవుతుంది. మధ్యాహ్నం ఎండకు ఎవరూ రారు, ఆ వేళ శుభ్రతకు వదలండి.

రాబడి చూడండి. ఆరు బ్యాచ్‌లలో 240 చోట్లకు ఏడాది సగటున నూటికి అరవై వంతులు, అంటే 144 పాసులు అమ్ముడైతే 1,44,000. రోజుకు సగటున పదిమంది 60 రూపాయల రోజు టిక్కెట్టు కొంటే నెలకు 15,600. మొత్తం 1,59,600. తగ్గేది 20,400 రూపాయలు. అది సాధారణ నిధి నుంచి ఇవ్వాలి. బడి పిల్లలకు కేటాయించిన చోట్లు నెలకు 3,120. అంటే ఒక్కో పిల్లవాడి ఒక్కో ఈతకు పట్టణం ఇస్తున్నది ఆరున్నర రూపాయలు. కౌన్సిల్ ముందు "కొలను వల్ల ఏడాదికి రెండున్నర లక్షల నష్టం" అని చదివితే ఒక రకమైన చర్చ జరుగుతుంది, "పిల్లవాడికి ఈత నేర్పడానికి పూటకు ఆరున్నర" అని చదివితే ఇంకో రకమైన చర్చ జరుగుతుంది. రెండూ ఒకే అంకె. రెండవ విధంగా చదవడం మాయ కాదు. డబ్బు నిజంగా ఎక్కడికి పోతోందో చూపేది ఆ లెక్కే.

"అందరికీ ఉచితం" అన్న వాదాన్ని నేను తేలికగా తీసివేయను. అయితే ఉచితమైన చోట ఏమి జరుగుతుందో చూశాను. ధర లేనప్పుడు చోటు వేరే పద్ధతిలో పంపిణీ అవుతుంది: ముందు వచ్చినవారికి, ఆ తరువాత తెలిసినవారికి, చివరకు సిఫారసు చీటీ తెచ్చినవారికి. ఉదయం ఆరింటికి కారులో వచ్చే మనిషికి ఆ చీటీ దొరికినంత సులువుగా రోజు కూలికి వెళ్ళే ఇంటి పిల్లవాడికి దొరకదు. ఇక పేదవారిని ఆపేది తరచుగా రుసుము కాదు. నైలాన్ ఈత దుస్తులు, టోపీ తప్పనిసరి అన్న నిబంధన, తిరిగి ఇస్తామన్న అయిదు వందల డిపాజిట్, ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరగడం: ఇవి ఆపుతాయి. కొన్ని జతల దుస్తులు పురపాలక సంఘమే కొని, ఉతికించి ఇచ్చే ఏర్పాటు చేస్తే అది రుసుము రద్దు చేయడం కంటే ఎక్కువ మంది పిల్లలను నీటిలోకి తెస్తుంది.

రాయితీకి కొత్త కాగితం అడగవద్దు. పాఠశాల పిల్లలకు ప్రధానోపాధ్యాయులు, పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడు) ఇచ్చిన జాబితా చాలు. మిగిలినవారికి ఆంధ్రలో రైస్ కార్డు, తెలంగాణలో ఆహార భద్రతా కార్డు చూపితే సగం ధరకు పాసు ఇవ్వండి, ఆ పాసు రంగు మాత్రం అందరిదీ ఒకటే ఉండాలి. టొరంటో నగరంలో రెండు మార్గాలూ కలిపి వాడతారు: తక్కువ ఆదాయం గలవారికి ఏ కేంద్రంలోనైనా వాడుకోగల రాయితీ ఒకటి, పేద కుటుంబాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కొన్ని కేంద్రాలను అందరికీ పూర్తి ఉచితంగా నడపడం రెండవది. మొదటిదానిలో దరఖాస్తు చేయలేనివారు మిగిలిపోతారు, రెండవదానిలో ఆ పేటలో ఉన్న ధనికుడికి కూడా ఉచితమవుతుంది. మీకు కేంద్రం ఒక్కటే కాబట్టి రెండవ మార్గం కుదరదు. వేళల విభజన దాని స్థానంలో పనిచేస్తుందని నా నమ్మకం.

మహిళల బ్యాచ్ గురించి ఒక్క మాట. చాలాచోట్ల దాన్ని ఎవరికీ అక్కరలేని పదకొండు గంటల వేళకు నెట్టి, ఆరు నెలల తరువాత "ఆదరణ లేదు" అని తీసేస్తారు. సాయంత్రం మూడు బ్యాచ్‌లలో ఒకటి వారికి ఇవ్వండి, శిక్షకురాలు ఉన్నప్పుడే మొదలుపెట్టండి, రుసుము మిగిలిన వేళలతో సమానంగానే ఉంచండి.

షటిల్ కోర్టుల సమస్య వేరు. అక్కడ ఖర్చు తక్కువ, ఆక్రమణ ఎక్కువ. నలుగురు మిత్రులు ఉదయం ఆరు నుంచి ఏడు గంటల వరకు నెలవారీగా బుక్ చేసుకుంటారు, నెల నెలా పొడిగించుకుంటారు, ఏడాది తిరిగేసరికి ఆ గంట వారి సొంత ఆస్తి అవుతుంది. అడిగితే "మేము మొదటి రోజు నుంచీ ఆడుతున్నాం" అంటారు. దీనికి రుసుము పెంచడం మందు కాదు, వారు పెంచినదీ కడతారు. రద్దీ గంటలకు మూడు నెలలకొకసారి కొత్తగా లాటరీ తీయండి, ఒక జట్టుకు వారానికి మూడు రోజులకు మించి ఇవ్వకండి. ధరను మనిషికి కాక కోర్టుకు, గంటకు నిర్ణయించండి. నలుగురు పంచుకుంటే చౌక, ఇద్దరే ఆడాలనుకుంటే వారి ఇష్టం. మీ పట్టణంలో ప్రైవేటు కోర్టు గంటకు ఎంత తీసుకుంటోందో కనుక్కొని, రద్దీ వేళ దానికి కొంచెం తక్కువగా, పగటి వేళ సగానికి పెట్టండి. షటిల్ కాక్‌లు, రాకెట్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

వేసవి శిబిరానికి హైదరాబాద్ మహానగర పాలక సంస్థ పాటించిన పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చాలా ఆటలకు 10 రూపాయలు, షటిల్, స్కేటింగ్, క్రికెట్, టెన్నిస్ వంటి నాలుగింటికి 50 రూపాయలు. ఆ పది రూపాయలు రసీదు పుస్తకం ఖర్చుకు కూడా చాలవేమో, కానీ పేరు నమోదైంది, ఇంతమంది వస్తారని శిక్షకుడికి తెలిసింది, అది చాలు. 50 పెట్టిన ఆటల జాబితా చూస్తే, బయట ఇళ్ళవారు ఇప్పటికే డబ్బు కట్టి నేర్పిస్తున్న ఆటలే అవి. ఆ తర్కం సరైనది. కబడ్డీకి, ఖోఖోకు రుసుము పెట్టకండి.

వసూలైన డబ్బు ఎక్కడికి వెళ్తుందన్నది రుసుము ఎంత అన్నదానితో సమానమైన ప్రశ్న. నేను పనిచేసిన ఒక పట్టణంలో రాబడి మొత్తం సాధారణ నిధిలో జమయ్యేది, క్లోరిన్ కొనాలంటే మాత్రం ఇండెంటు, కొటేషన్లు, బిల్లు అంటూ ఫైలు నాలుగు టేబుళ్ళు తిరిగేది. మే నెల మధ్యలో క్లోరిన్ అయిపోయింది, మూడో రోజుకు నీరు పచ్చబడింది, కొలను మూసేశారు, పాసులున్నవారు కౌంటరు ముందు నిలబడి డబ్బు వెనక్కి అడిగారు. ఏడాదిలో ఎక్కువ రాబడి వచ్చే నెల అలా పోయింది. కాబట్టి రుసుములకు ప్రత్యేక పద్దు తెరవండి, దాని నుంచి రసాయనాలకు, అత్యవసర మరమ్మతులకు నెలకు ఇంత అని ఇంప్రెస్ట్ (చిన్న ఖర్చులకు ముందుగా చేతికిచ్చే మొత్తం) మంజూరు చేసే అధికారం తీర్మానంలోనే రాయించండి. చెల్లింపు వీలైనంతవరకు పురపాలక సంఘం ఖాతాకే నేరుగా వెళ్ళే క్యూఆర్ కోడ్ ద్వారా జరగాలి. కౌంటరులో వేలాడే కోడ్ ఎవరి ఖాతాదో అప్పుడప్పుడు మీరే ఒక రూపాయి పంపి చూడండి.

లీజు విషయంలో నాకు పూర్తి వ్యతిరేకత లేదు. అయితే "ఎక్కువ అద్దె ఇచ్చినవారికి" అన్న ఒక్క షరతుతో టెండరు పిలిస్తే, గెలిచినవాడు ఆ అద్దెను ఉదయం బ్యాచ్‌ల మీద వేసి, పిల్లల బ్యాచ్‌లను ఎగ్గొట్టి రాబట్టుకుంటాడు; తప్పు అతనిది కాదు, షరతుది. ముందు రుసుముల పట్టిక, ఉచిత వేళలు, లైఫ్‌గార్డుల సంఖ్య, నీటి పరీక్షల రిజిస్టరు మీరే ఖరారు చేసి, వాటికి లోబడి ఎంత అద్దె ఇస్తారో అడగండి. ఆ షరతుల మీద ఎవరూ అద్దె ఇవ్వరు, ఎదురు డబ్బు అడుగుతారంటే, ఆ ఎదురు అంకెను మీ 20,400తో పోల్చి చూడండి.

పెంపు సంగతి కూడా మొదటి తీర్మానంలోనే ఉండాలి. ఆరేడేళ్ళు కదిలించకుండా ఉంచి ఒక్కసారి రెట్టింపు చేస్తే ధర్నా తప్పదు, ఆ తరువాత మరో ఆరేళ్ళు ఎవరూ దాని జోలికి పోరు. ఏటా వినియోగదారుల ధరల సూచీ పెరిగినంత మేరకు, దగ్గరలోని పది రూపాయలకు సవరించి, ఏప్రిల్ ఒకటి నుంచి అమలయ్యేలా రాయండి. పెంపు వద్దనుకుంటే వద్దని కౌన్సిల్ తీర్మానించాలి. ఫైలును మాత్రం జనవరిలోనే కదిలించండి. మార్చిలో బడ్జెట్ సమావేశానికి ముందు సాధారణ నిధి నుంచి ఇవ్వవలసిన రెండున్నర లక్షలు అంచనాల్లో చేరకపోతే, పిల్లల బ్యాచ్‌లకు జూలై దాకా డబ్బు విడుదల కాదు, అప్పటికి వేసవి అయిపోతుంది.